చేదు చూసే నోరు

క్రిందటి నెలలో మా వీధి విశ్రాంత ఉద్యోగులమందరం కలిసి ఒక పూట భోజనాలు పెట్టుకుందామని అనుకున్నప్పుడు, ఆ ఏర్పాటు చూసే పని నా నెత్తిన పడింది. ఈ బందరులోనే కేటరింగ్ నడిపే ఒకావిడ వచ్చి, ఎంతమంది, ఏ వేళకి, అరిటాకులా ప్లేట్లా అని అన్నీ అడిగి, చివర ఒక అచ్చు కాగితం నా చేతిలో పెట్టింది. అందులో ప్రతి పేరు పక్కనా 'పడని పదార్థాలు' అని ఒక గడి ఉంది. గడులున్న కాగితం చూస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది కనుక ఆ సాయంత్రమే ఇంటింటికీ తిరిగి నింపుకొచ్చాను. ఒకాయనకి రొయ్యలు పడవు, ఒకావిడకి వేరుశనగపప్పు పడదు, ఇంకొకాయనకి వంకాయ తింటే పెదవులు చురచురలాడతాయి. అందరూ ఏ బెరుకూ లేకుండా, ఇంటి నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని మరోసారి సరిచూసుకుంటుంటే మా బావ గుర్తొచ్చాడు. ఇలాంటి ఒక్క గడిలో ఒక్క మాటతో తీరిపోయే సంగతిని బావ నెలల తరబడి దాచుకుని, దానివల్ల పేరు పోగొట్టుకుని, చేతిలో ఉన్న విద్యే వదిలేసుకునేదాకా వెళ్ళాడు.

బావ అంటే మా అక్క భర్త. తొంభైలలో గుడివాడ చుట్టుపక్కల పెళ్ళి కుదిరిందంటే, ముహూర్తం పెట్టించిన మర్నాడే బావ ఇంటికి కబురు వచ్చేది. బావ వంట మేస్త్రి. అప్పటికింకా కేటరింగ్ అనే మాట మనవైపు అంతగా వాడుకలోకి రాలేదు. సరుకులు పెళ్ళివారే తెప్పించుకునేవారు, మేస్త్రి తన మనుషులతో వచ్చి పందిరి వెనక గాడిపొయ్యి తవ్వించి, గుండిగలు ఎక్కించి వండేవాడు. నేను అప్పుడు గుడివాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. ఆఫీసు ఆవరణలో ఉన్న వర్షమాపకంలో పడ్డ వాన నీటిని రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి కొలిచి పుస్తకంలో ఎక్కించడం నా పనుల్లో ఒకటి. వాన పడని రోజు కూడా వెళ్ళి, మూత తీసి చూసి, సున్న వేసి రావాలి. కుర్చీలోంచి లేవకుండానే సున్న వేసేవాళ్ళూ ఉంటారని విన్నాను గాని, నాకది చేతకాలేదు. ఆ అలవాటే ఇంటికీ వచ్చి, చిన్నప్పటి నుంచి రాస్తున్న డైరీలో వాన, ఎండ, ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఏ చెట్టు ఎప్పుడు పూసింది అన్నీ రాసుకునేవాణ్ణి. మా ఆవిడ దాన్ని చాదస్తం అనేది. ఇప్పటికీ అలాగే అంటుంది.

మన వయసు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, దోసకాయను చేదు చూడకుండా తరిగే ఇల్లు ఆ రోజుల్లో మన డెల్టాలో ఉండేది కాదు. పైకి పసుపుపచ్చగా, చారలతో ఎంత ముచ్చటగా ఉన్నా, ఏ కాయలో చేదుందో చూపుతో తేలదు. చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకుంటే గాని బయటపడదు. ఇంట్లో వండుకునే పప్పులో అయితే చేదు కాయ పడ్డా ఆ పూటకి పెరుగుతో సరిపెట్టుకుంటాం. పెళ్ళిలో దోసావకాయ సంగతి అలా కాదు. పచ్చి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, అంతే. నిప్పు తగలని వంటకం కనుక అందులో దేన్నీ కప్పిపుచ్చలేం. బావ తన మనుషులకి ఏ పనైనా అప్పగించేవాడు గాని, ఈ పని మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పొద్దున్నే కత్తిపీట ముందు కూర్చుని, గంపలో ఉన్న నూరు కాయలనీ ఒక్కొక్కటిగా చీల్చి, ముక్క నమిలి ఊసేసి, మంచివి కుడివైపుకి, చేదువి ఎడమవైపుకి దొర్లించేవాడు. అలా దొర్లించడం చూడటానికే పెళ్ళింటి పిల్లలు చుట్టూ మూగేవారు.

తొంభైల చివర్లో ఒక శ్రావణమాసంలో బావ నోటికి ఏదో అయింది. పదో కాయకల్లా పెదవులు జివ్వుమనడం, ఇరవయ్యో కాయకి అంగిట్లో దురద, యాభై దాటేసరికి నాలుక మందంగా, తనది కానట్టు అయిపోవడం. గంట గడిస్తే అదే తగ్గేది. మొదట్లో బావ నవ్వుతూనే చెప్పాడు. విన్నవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు. కంద, చేమ దురద పెడతాయని అందరికీ తెలుసు, కంద తరిగిన చేతికి చింతపండు రాసుకోవడమూ తెలుసు, కానీ చలవ కోసం తినే దోసకాయ దురద పెట్టడమేమిటి? బావ మనుషుల్లో ఒకడైతే, "మేస్త్రికి వయసొచ్చింది, నోరు మారాం చేస్తోంది" అన్నాడట. ఆ మాటతో బావ చెప్పడం మానేశాడు. వంట మేస్త్రికి నోరే పనిముట్టు. అది పాడైందని నలుగురికీ తెలిస్తే ఇక పిలిచేదెవరని భయం. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని కాయలు చూసేవాడు.

తెలిసిన ఇంట్లోవాళ్ళం మాత్రం తలా ఒక కారణం పట్టుకున్నాం. అక్క దిష్టి అంది. బావేమో చేలల్లో కొట్టే పురుగుమందు అన్నాడు. నేను మాత్రం బావ వేసుకునే కిళ్ళీలో సున్నమే నోటిని పాడుచేస్తోందని తేల్చి, ఆ సంగతి డైరీలో గట్టిగా రాసి, నెలరోజులు కిళ్ళీ మాన్పించాను. ఆ నెలంతా బావ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నోరు ఏమీ బాగుపడలేదు. అక్క చింతపండు నీళ్ళు పుక్కిలించమంది. దాంతో నోరు మరింత పూసింది.

మాఘమాసం వచ్చేసరికి బావ ఒక తప్పు చేశాడు. గుడివాడకి దగ్గర్లో ఒక పల్లెలో పెద్ద పెళ్ళి. ఆ రోజు ముప్ఫై కాయలు చూసేసరికే గొంతు బిగుసుకున్నట్టయి, మిగిలినవి వాసన చూసి, తొడిమ చూసి, గింజ రంగు చూసి తరిగించేశాడు. ఇరవయ్యేళ్ళ అనుభవం కదా, మోసం చేయదులే అనుకున్నాడు. మొదటి బంతి కూర్చోగానే తెలిసిపోయింది. చేదు కాయలు ఎన్ని పడ్డాయోగాని, వాటి ఊట గంగాళమంతా పాకింది. పెళ్ళికూతురి మేనమామ ఆకు ముందు నుంచి లేచి వంటపందిరిలోకి వచ్చి, అందరూ వింటుండగా, "ఏం మేస్త్రీ, ఇది నువ్వు నోట్లో పెట్టుకుని చూశావా అసలు?" అని అడిగాడు. చూశానంటే అబద్ధం, చూడలేదంటే నేరం. బావ తలొంచుకుని నిలబడ్డాడు.

తను వండింది తనే నోట్లో పెట్టుకోడట అన్న మాట ఊరూరా తిరగడానికి వారం పట్టలేదు. శివరాత్రి వెళ్ళేసరికి వేసవికి ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఒకటొకటిగా చేజారిపోయాయి. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి బావ వసారాలో గుండిగలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఉయ్యూరు నుంచి ఎవరో మేస్త్రి వాటిని చూసుకుపోవడానికి వస్తున్నాడని, ఇక ఈ పని చాలించి ఎక్కడైనా కిరాణా కొట్లో కుదురుతానని బావ అన్నాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ మేస్త్రిని ఒక నెల ఆగి రమ్మనండి, ఈలోపు సంగతేమిటో లెక్కగా చూద్దాం అన్నాను.

"ఏం బావా, నన్ను కూడా నీ వానడబ్బాలో పోసి కొలుస్తావా?" అన్నాడు బావ. అంత దిగులులోనూ ఆ మాటకి అక్క నవ్వింది.

కొలిచాననే చెప్పాలి. ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి, బావ ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అని రోజూ రాశాను. ఆవపిండి తప్పేమో అనుకుంటే, మామిడి ఆవకాయ ముద్దలు ముద్దలు తిన్నా ఏమీ కాలేదు. పుచ్చకాయ తింటే మాత్రం పెదవులు దురద పెట్టాయి. ఇక మిగిలింది బావ నమ్మిన పురుగుమందు. దాన్ని కూడా తేల్చేద్దామని ఒక ఆదివారం ముగ్గురం బావ పుట్టిన ఊరికి బయల్దేరాం. అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్ళే దారిలో ఉంటుంది ఆ ఊరు. చల్లపల్లిలో బస్సు మారాం. వరి కోతలయ్యాక ఇసుకపర్ర నేలల్లో దోసపాదులు పెట్టడం అక్కడి వాళ్ళకి అలవాటు. బావ వాళ్ళమ్మ పెరడు వెనక నాలుగు పాదులు పెట్టుకుంది, వాటికి పేడ తప్ప ఏ మందూ ఎరగదు. ఉప్పుగాలికి ఆకులు కాస్త మాడినట్టున్నా కాయలు మాత్రం బంగారు ముద్దల్లా ఉన్నాయి.

బావ తన చేత్తోనే ఒక కాయ కోసి, బావి నీళ్ళతో కడిగి, చీల్చి ఒక ముక్క తిన్నాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. అయిదు నిమిషాలు కాకుండానే కింది పెదవి ఉబ్బింది. బావ బావి గట్టు మీద కూర్చుని కొంగలు వాలుతున్న చేలవైపు చూస్తూ ఉండిపోయాడు. పురుగుమందు అయితే కాయలు మార్చుకోవచ్చు, తన నోరే కారణమైతే మార్చుకునేదేముందని ఆ చూపు. పక్కన నిలబడిన అక్క చెంబుతో నీళ్ళు అందించింది.

ఆ మధ్యాహ్నం బావ వాళ్ళమ్మ అదే పాదు కాయలతో పప్పు వండింది. కొడుకు ఎంత వద్దన్నా వినకుండా వడ్డించింది. పల్లెటూరి తల్లి, యాభై దాటిన కొడుకు ఆకలి దాచుకుంటే ఊరుకుంటుందా. "పెదవి వాస్తే ఏంట్రా, పొట్ట వాయలేదుగా. తిను!" అంది. బావ ఒకసారి, రెండోసారి, మూడోసారి కలుపుకుని తిన్నాడు. నేను తినడం మానేసి బావ నోటివంకే చూస్తున్నాను. పది నిమిషాలు, అరగంట, గంట గడిచినా ఏమీ కాలేదు. ఉబ్బిన పెదవి కూడా తగ్గుముఖం పట్టింది. పొద్దున ఉబ్బించిందీ మధ్యాహ్నం ఏమీ చేయనిదీ ఒకే పాదు కాయలు. మధ్యలో వచ్చిన తేడా పొయ్యి ఒక్కటే. ఇంత చిన్న సంగతి నాకు అన్నాళ్ళు తట్టనందుకు సిగ్గేసింది.

ఆ నోటుపుస్తకం పట్టుకుని ఆ వారంలోనే బందరులో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క కూడా వచ్చింది. ఆయన నా గీతలూ గడులూ శ్రద్ధగా చూసి, "మీరు ఈయనకి ఏమవుతారు?" అని అడిగారు. బావమరిదినండీ అంటే, "తనిఖీకి వచ్చారేమో అనుకున్నాను" అని నవ్వి, తుమ్ములు ఎక్కువా అని బావని అడిగారు. బావ అవునన్నాడు గాని ఎప్పుడెప్పుడో చెప్పలేకపోయాడు. నేను చెప్పాను. వానలు పడి, కాలవ గట్ల మీద వయ్యారిభామ మొక్కలు తెల్లగా పూసే రోజుల్లో బావకి తుమ్ములు పట్టుకుంటాయని నా డైరీలో ఏటేటా ఉంది. డాక్టరుగారు తలూపి, కొందరికి ముక్కుకి పడని పుప్పొడిలో ఉండే లాంటి పదార్థమే కొన్ని పచ్చి కాయల్లోనూ ఉంటుందని, నోరు దాన్నీ దీన్నీ ఒకటేనని పొరబడుతుందని, ఉడికిస్తే ఆ గుణం పోతుందని విడమర్చి చెప్పారు. ఇందులో దిష్టి లేదు, వయసు లేదు, ఎవరి తప్పూ లేదన్నారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, పచ్చి దోసకాయ ఇక ఎప్పుడూ నోట్లో పెట్టొద్దని, ఇప్పుడు పెదవి ఉబ్బింది, రేపు గొంతు ఉబ్బితే ఊపిరాడదని గట్టిగానే అన్నారు.

జబ్బు కాదన్న సంతోషం బస్టాండు దాకా కూడా నిలవలేదు. గుడివాడ బస్సులో బావ కిటికీ వైపు తిరిగి కూర్చుని, చేదు చూడలేని మేస్త్రిని ఎవరు పిలుస్తారు బావా అన్నాడు. ముందు సీటులో కూర్చున్న అక్క వెనక్కి తిరిగింది.

"నా నోటికేం వచ్చింది?"

"నీ నోటికి ఏమొస్తుంది, దాన్ని ఆపేవాడే లేడు" అన్నాడు బావ.

"నేను చూస్తాను చేదు."

"వంటపందిట్లోనా? అంతమంది మగాళ్ళ మధ్య పీటేసుక్కూర్చుని?"

"ఇరవయ్యేళ్ళుగా నీ పులిహోరలో ఉప్పు, నీ పులుసులో బెల్లం ముందు మనింట్లో చేసి ఎవరి నాలిక మీద వేశావ్? పందిట్లోకి వస్తేనే మగాళ్ళూ ఆడాళ్ళూ గుర్తొచ్చారా?"

బస్సులో ముందు వరసల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. బావ తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. పామర్రు దాటాక, సరే చూద్దాం అన్నాడు, మాకు వినిపించీ వినిపించకుండా.

సరే అన్నంత మాత్రాన పిలిచేవాళ్ళు దొరకాలి కదా. వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి కుదిరి ఉంది. వంట బావదే అని నేను అనగానే మా ఆవిడ ముఖం మాడ్చుకుంది. "మీ ప్రయోగాలకి నా కూతురి పెళ్ళే దొరికిందా అండీ?" అంది. ఆవిడ భయమూ న్యాయమైనదే. అక్కని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, నన్ను బయటికి పంపించేసి. ఏం మాట్లాడుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను లోపలికి వెళ్ళేసరికి మా ఆవిడ దోసకాయలు ఎన్ని కావాలో అక్కని అడుగుతోంది.

పెళ్ళినాడు పొద్దున్నే అక్క నలిగిన నేతచీర కట్టుకుని, కొంగు బిగించి, కత్తిపీట ముందు కూర్చుంది. నూట ముప్ఫై కాయలు. బావ మనుషుల్లో ఒకడు, "ఏంటి వదినా, మాకు పరీక్షలు పెట్టడానికొచ్చావా?" అన్నాడు. "పరీక్ష నాకే. ఇందులో నేను తప్పానంటే రేపణ్ణించి మీరంతా మా ఇంట్లో కందిపప్పులో రాళ్ళేరుతూ కూర్చోవాలి" అంది అక్క తలెత్తకుండానే. ఆవిడ పద్ధతి వేరు. నాలుగైదు కాయలు చూడగానే ఒక గుక్క మజ్జిగ తాగేది. ఒక చేదు తగిలితే నాలుక తర్వాతి కాయని కూడా శంకిస్తుందట. బావకి అన్నేళ్ళలో ఆ ఊహే రాలేదు. తొమ్మిది కాయలు పక్కన పెట్టింది. వాటిలో ఒకటి బాగానే ఉందని వాదించినవాడికి ముక్క చేతికిస్తే, నమిలి పందిరి వెనక్కి పరుగెత్తాడు.

భోజనాల వేళ బావ వడ్డనకి రాలేదు. పందిరి గుంజ చాటున నిలబడి ఆకుల వంక కాక తినేవాళ్ళ ముఖాల వంక చూస్తున్నాడు. దోసావకాయ వడ్డించిన చోటల్లా ఆ చూపు వెంట వెళ్ళేది. పెళ్ళికొడుకు తాతగారు రెండోసారి వేయించుకుని, ఇది కలిపిందెవరని కేకేశారు. బావ గుంజ చాటు నుంచి వచ్చాడు. చేతులు తుండుగుడ్డకి తుడుచుకుంటున్నాడు.

"కలిపింది నేనేనండీ. చేదు చూసింది మా ఆవిడ. నా నోటికి పచ్చి దోసకాయ పడదండీ."

అంతమందిలో ఆ మాట బయటికి వచ్చింది. మాఘమాసంలో జరిగింది ఎరిగినవాళ్ళు ఆ బంతిలోనే కనీసం నలుగురున్నారు.

"పడకపోతే ఏమైందయ్యా! మాకు పడుతోందిగా, ఇంకో గరిటె వెయ్యి" అన్నారు తాతగారు.

గుండిగలు చూసుకుపోవడానికి వస్తానన్న ఉయ్యూరు మేస్త్రికి బావ మర్నాడే వద్దని కబురు పంపాడు. ఆ శ్రావణం నుంచి బావని మాట్లాడటానికి వచ్చేవాళ్ళు, అక్కగారు కూడా వస్తారుగా అండీ అని అడగడం మొదలుపెట్టారు. అలా పదేళ్ళకి పైగా ఇద్దరూ కలిసి గుడివాడ, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి వెళ్ళారు. ఇల్లు దాటని మా అక్క డెల్టాలో ఏ ఊరి నేల చేదు కాయ ఎక్కువ కాస్తుందో చెప్పగలిగేది. బావ మాత్రం ఆ తర్వాత ఎన్నడూ దోసావకాయ రుచి చూడలేదు. తినేవాళ్ళ కనుబొమల్ని బట్టి ఉప్పు, కారం చెప్పడం నేర్చుకున్నాడు.

తర్వాత ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి, వంటలు వేరేచోట తయారై వ్యాన్లలో రావడం మొదలైంది. సంకర రకాలు వచ్చాక దోసకాయల్లో చేదు కూడా తగ్గింది. చేదు చూసే పనితో ఒక మనిషిని కూర్చోబెట్టే అవసరం ఎవరికీ లేకపోయింది. ఇద్దరూ పని మానేసి గుడివాడలోనే హాయిగా ఉన్నారు.

మొన్న ఈ కాగితం సంగతి చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. దివిసీమ నుంచి ఎవరో నాటు దోసకాయలు పంపితే అక్క పప్పు వండింది. నా కళ్ళెదుటే ముక్క కోసి నోట్లో పెట్టుకుని, బాగుంది అంది. అక్కకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మొదటి ముద్దలోనే నాకు తెలిసింది, పప్పు చేదు. బావ వైపు చూశాను. బావ నావైపు చూడలేదు. నెయ్యి మరికాస్త వేసుకుని, కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం వెయ్యమన్నాడు.

"బాగుందా?" అంది అక్క.

"నువ్వు చూశాక బాగుండకపోవడమేంటి" అన్నాడు బావ. నేనూ మారు అడిగాను.

ఈ కాలం మంచిదనే నా నమ్మకం. నోటికి పడనిదేదో సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చు, విన్నవాళ్ళు నవ్వరు, గొంతు మీదికి తెచ్చుకోకుండా బతకవచ్చు. మా బావకి ఆ సదుపాయం ఉండి ఉంటే ఆ మాఘమాసపు అవమానం తప్పేది, మా అక్క వంటపందిట్లోకి వచ్చేదీ కాదు. ఈ రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక, ఆ మధ్యాహ్నం బస్సు ఎక్కి బందరు తిరిగి వచ్చేశాను.